ముసలి ఎద్దు పొద్దున్నే లేవలేకపోతోందా..? వాత పెట్టే ముందు, సూది వేయించే ముందు ఇవి చూడండి

పొద్దున్నే కొట్టంలోకి వెళ్తారు. జోడీలో ఒక ఎద్దు అప్పటికే లేచి నిలబడి ఉంటుంది. రెండోది మాత్రం రెండు మూడు సార్లు ప్రయత్నించి, మూలుగుతూ లేస్తుంది. మొదటి పది అడుగులు కర్రలా బిగుసుకుని వేస్తుంది. కాసేపు నడిచాక మామూలైపోతుంది. "వయసైపోయింది లే.." అని మనమూ ఊరుకుంటాం.

తీరా ఏరువాక పున్నమి దాటి, మంచి పదును పడిన రోజున అదే ఎద్దు కాడి కిందకు రానని మొరాయిస్తుంది. కర్నూలు, కడప జిల్లాల్లో వానాధార సేద్యం చేసే రైతుకు ఇది చిన్న విషయం కాదు. ఇక్కడ పదును నాలుగు రోజులు కూడా నిలవదు. విత్తనం వేసే గొర్రు, కలుపు తీసే గుంటక ఇప్పటికీ చాలా ఊళ్లలో ఎద్దులతోనే నడుస్తాయి. ఒక ఎద్దు పడుకుంటే రెండోదీ ఖాళీనే. పోనీ ఇంకోటి తెద్దామంటే ఎత్తు కలవాలి, నడక కలవాలి, దాపటికో వలపటికో అలవాటు పడి ఉండాలి. డబ్బులున్నా వెంటనే దొరకదు.

అందుకే ముసలి ఎద్దుకు కాళ్లు, కీళ్లు ఎందుకు బిగుసుకుంటాయి? ఇంట్లో మనం ఏం చేయొచ్చు? ఏం చేయకూడదు? డాక్టర్‌ను ఎప్పుడు పిలవాలి? వివరంగా చూద్దాం. ముందుగా ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. వయసు అనేది జబ్బు కాదు. ఎద్దు కుంటుతోందంటే ఎక్కడో ఒకచోట నొప్పి ఉంది. ఆ చోటు కనిపెట్టడమే సగం వైద్యం.

ఎన్నేళ్లకు ముసలిది అంటారు?

మన దగ్గర ఎద్దు వయసు పళ్లను బట్టి చెబుతారు. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అనుకుంటూ వస్తే, నాలుగైదేళ్లకు కింది దవడ ముందు పళ్లు ఎనిమిదీ వచ్చేస్తాయి. ఆ తర్వాత లెక్కంతా అరుగుదలను బట్టే. మామూలుగా మూడు నాలుగేళ్లకు కాడి అలవాటు చేస్తే పది, పన్నెండేళ్ల వరకు పని చేస్తాయి. బాగా చూసుకుంటే ఇంకొన్నాళ్లు కూడా చేస్తాయి.

ఇన్నేళ్ల పనిలో కీళ్ల మధ్య ఉండే మృదువైన పొర, అంటే మృదులాస్థి అరుగుతుంది. ఎముక చివర్లు గరుకుగా మారతాయి. కీలు చుట్టూ కొత్త ఎముక పెరిగి గట్టిపడుతుంది. రాత్రంతా కదలకుండా పడుకుంటే కీలు బిగుసుకుంటుంది, నడిస్తే కాస్త వదులవుతుంది. పొద్దున ఎక్కువ, మధ్యాహ్నానికి తక్కువ అనిపిస్తే అది కీళ్ల అరుగుదల కావడానికి అవకాశం ఎక్కువ. చలికాలం తెల్లవారుజామున ఇది ఇంకా బాగా కనిపిస్తుంది. అరిగిన కీలు మళ్లీ కొత్తది కాదు. కానీ నొప్పి తగ్గించొచ్చు, అరుగుదల వేగాన్ని తగ్గించొచ్చు.

ఐదు నిమిషాల్లో ఇలా చూడండి

మొదట ఎద్దు ఎలా లేస్తుందో చూడండి. ఆవు జాతి పశువు మామూలుగా ముందు మోకాళ్ల మీద ఉండి, వెనక భాగం ముందు లేపుతుంది. గుర్రం అలా కాదు, ముందుకాళ్లు చాపి లేస్తుంది. మీ ఎద్దు కూడా గుర్రంలా ముందుకాళ్లతో లేవడానికి చూస్తోందంటే వెనక కాళ్లలోనో, నడుములోనో నొప్పి ఉందేమో అనుమానించాలి.

తర్వాత గట్టి నేల మీద నింపాదిగా నడిపించండి. పక్క నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి చూడండి. ముందుకాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనినప్పుడు తల పైకి ఎత్తుతుంది. మంచి కాలు ఆనినప్పుడు తల దించుతుంది. అడుగు పొట్టిగా పడే కాలు ఏదో గమనించండి. ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి. డాక్టర్ వచ్చేసరికి ఎద్దు మామూలుగా నడిచినా, వీడియో పనికొస్తుంది.

మూడోది.. చేతి వెనక భాగంతో రెండు కాళ్లనూ పోల్చి చూడండి. ఒక కీలు వేడిగా ఉందా, వాచిందా, నొక్కితే కాలు లాక్కుంటోందా చూడండి.

చివరిగా గిట్టలు. చాలామంది మర్చిపోయేది ఇదే. కుంటే పశువుల్లో చాలా వాటికి అసలు నొప్పి గిట్టలోనే ఉంటుంది. గిట్టల మధ్య చిన్న రాయి, తుమ్మ ముల్లు, పెరిగి వంకర తిరిగిన గిట్ట, పగులు, చెడు వాసన వచ్చే పుండు.. ఏదైనా కావచ్చు. గిట్ట శుభ్రంగా కడిగి వెలుతుర్లో చూడండి. ముల్లు తీస్తే పోయే నొప్పికి కీళ్ల మందు వాడితే ఏం లాభం?

ఇవి ముసలితనం కాదు

ఒక్కసారిగా వచ్చిన బిగువు వేరు, నెలల తరబడి పెరిగిన బిగువు వేరు. కింది లక్షణాలు ఉంటే వయసు మీద తోసేయకండి.

మూడు రోజుల జ్వరం: వానాకాలంలో దోమలు, చిన్న ఈగల వల్ల వస్తుంది. నిన్న బాగున్న ఎద్దు ఇవాళ జ్వరంతో బిగుసుకుపోతుంది. ఈరోజు ఒక కాలు కుంటితే రేపు ఇంకో కాలు కుంటుతుంది. చాలావరకు మూడు రోజుల్లో తగ్గుతుంది కానీ విశ్రాంతి తప్పనిసరి. ఈ జ్వరంలో మింగడం కష్టమవుతుంది. గొట్టంతో కషాయాలు, గంజి పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం మీదకు రావొచ్చు.

గాలికుంటు: గిట్టల మధ్య పుండ్లతో పాటు నోట్లోనూ పుండ్లు, చొంగ కారడం ఉంటుంది. మిగతా పశువులకు అంటుతుంది కాబట్టి వెంటనే వేరు చేయాలి.

మోకాటి చిప్ప పట్టేయడం: వెనక కాలు వెనక్కి చాచి బిగుసుకుపోతుంది. గిట్ట నేల మీద ఈడ్చుకుంటూ పోయి, టక్కున వదిలి మళ్లీ మామూలుగా నడుస్తుంది. మన పని ఎద్దుల్లో ఇది బాగానే కనిపిస్తుంది. దీనికి నూనెలు, కాపడాలు పనిచేయవు. డాక్టర్ మత్తు సూది ఇచ్చి ఒక చిన్న నరం లాంటి కట్టును కోస్తారు. చిన్న ఆపరేషనే. చాలా ఎద్దులు మళ్లీ పనిలోకి వస్తాయి.

తిండి ఎక్కువై గిట్టలు నొప్పి పట్టడం: పండగ రోజు ప్రేమ కొద్దీ అన్నం, బొబ్బట్లు, గింజలు ఒక్కసారిగా పెట్టేస్తాం. పొట్టలో పులిసి, ఆ ప్రభావం గిట్టల లోపలి పొర మీద పడుతుంది. ముళ్ల మీద నడిచినట్టు నడుస్తుంది. పండగ తర్వాత రెండు మూడు రోజుల్లో కుంటు మొదలైతే ఏం పెట్టారో డాక్టర్‌కు తప్పకుండా చెప్పండి.

బోరు నీళ్లూ కారణం కావచ్చు

ఇది చాలామందికి తెలియదు. మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బు బయటపడిందే ఎద్దుల వల్ల. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే తర్వాత ప్రకాశం జిల్లాలోకి వచ్చిన ప్రాంతంలో, దున్నే ఎద్దులు కీళ్లు బిగుసుకుని నడవలేకపోవడం రైతులు గమనించారు. అదే నీళ్లు తాగిన మనుషులకూ నడుములు వంగిపోయాయి. కారణం నీళ్లలోని ఫ్లోరైడ్ అని తేలింది.

కర్నూలు, కడప జిల్లాల్లోనూ కొన్ని చోట్ల భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువే. మనుషులు తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రామ్ దాటకూడదని, వేరే దారి లేకపోతే 1.5 వరకు అని ప్రమాణం ఉంది. మీ ఊళ్లో ఒక్క ఎద్దు కాదు, చాలా పశువులు చిన్న వయసులోనే బిగుసుకుంటున్నాయా? పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, గాట్లు ఉన్నాయా? అయితే నీటిని పరీక్ష చేయించండి. కాచితే ఫ్లోరైడ్ పోదు, ఇంకా చిక్కబడుతుంది. చెరువు, కుంట, వాన నీళ్లు అందుబాటులో ఉంటే పశువులకు అవే మంచిది.

నాపరాయి నేల మీద మెత్త వేయండి

మన దగ్గర నాపరాళ్లకు కొదవ లేదు. కొట్టంలోనూ అవే పరుస్తాం. కడగడానికి సులువు, కానీ ముసలి ఎద్దుకు ఆ నేల శత్రువు. పేడ, మూత్రం పడితే జారుతుంది. రాత్రంతా గట్టి రాయి మీద పడుకుంటే కీళ్ల దగ్గర ఒరుసుకుని వాపులు వస్తాయి. చలికాలంలో రాయి చల్లదనం వేరే. లేచేటప్పుడు ఒకసారి జారిందంటే, ఆ భయంతో ఎద్దు పడుకోవడమే మానేస్తుంది. రాత్రంతా నిలబడితే పొద్దునకు ఇంకా బిగుసుకుంటుంది.

పరిష్కారం ఖరీదైనది కాదు. ఎద్దు పడుకునే చోట జానెడు మందం పొడి ఇసుక గానీ మెత్తటి మట్టి గానీ పోయండి. పైన తినగా మిగిలిన చొప్ప, వరిగడ్డి పరవండి. తడిసినది రోజూ తీసేయండి. పలుపు మరీ పొట్టిగా కట్టకండి. లేవడానికి తల ముందుకు చాపే చోటు ఉండాలి. గాడి మరీ ఎత్తుగా, మరీ లోతుగా ఉండకూడదు.

పని పూర్తిగా మాన్పించాలా?

ఇక్కడ రెండు వైపులా తప్పు జరుగుతుంది. ఒకరు నొప్పి ఉన్నా తోలుతారు. ఇంకొకరు జాలిపడి నెలల తరబడి గుంజకు కట్టేస్తారు. కదలిక లేకపోతే కండ కరుగుతుంది, కీలు ఇంకా బిగుస్తుంది. ఎముక విరగడం, కొత్త దెబ్బ, జ్వరం, గిట్ట పుండు లేనప్పుడు.. రోజూ తేలికపాటి నడకే మంచి మందు. మెత్తటి నేల మీద పొద్దున, సాయంత్రం నడిపించండి. పొలం గట్టున వదిలి మేపినా సరే.

పని చేయించే రోజుల్లో లేపి నేరుగా కాడి కట్టకండి. పది, పదిహేను నిమిషాలు ఉత్తినే నడిపించి ఆ తర్వాత కట్టండి. లోతు దుక్కి, బండి బరువులు ట్రాక్టర్‌కు వదిలేసి, గుంటక లాంటి తేలిక పని మాత్రమే ఇవ్వండి. మర్నాడు పొద్దున బిగువు ఎక్కువైతే నిన్నటి పని ఎక్కువైందని అర్థం. తగ్గించండి.

దీనికి చట్టం కూడా ఉంది. బరువు లాగే పశువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం రోజుకు మొత్తం 9 గంటలకు మించి, విరామం లేకుండా 5 గంటలకు మించి పని చేయించకూడదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు అసలు తోలకూడదు. మన ఎండాకాలంలో 37 అనేది దాదాపు రోజూ దాటేదే. వయసు వల్లో, జబ్బు వల్లో పనికి పనికిరాని పశువుతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం.

కాడి దగ్గర ఒక చిన్న కిటుకు

ఒక ఎద్దు పడుచుది, ఒకటి ముసలిది అయితే కాడి మధ్యలో కట్టే తాడును బలమైన ఎద్దు వైపు కాస్త జరపండి. తూకం వేసే కట్టె లాగే.. తాడుకు దగ్గరగా ఉన్న ఎద్దు మీద ఎక్కువ బరువు, దూరంగా ఉన్నదాని మీద తక్కువ బరువు పడుతుంది. రెండు మూడు వేళ్ల దూరం జరిపి చూడండి, తేడా తెలుస్తుంది. అయితే ఏళ్ల తరబడి దాపట నడిచినదాన్ని హఠాత్తుగా వలపటికి మార్చకండి, తడబడుతుంది. మెడ మీద కాడి ఒరుసుకుని పుండు పడితే మానేదాకా కట్టొద్దు.

లాడాల విషయం కూడా చూద్దాం. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు లాడాలు. అరిగినవి, వదులైనవి అలాగే ఉంచితే అడుగు వంకరగా పడి కీలు మీద భారం పడుతుంది. లాడాలు కొట్టడానికి కాళ్లు కట్టి ఎద్దును పడేయడం మనకు మామూలే. కానీ ముసలి కీళ్లకు ఆ పడటమే పెద్ద దెబ్బ. తప్పనిసరైతే మెత్తటి ఇసుక మీద, నలుగురు పట్టుకుని నెమ్మదిగా పడుకోబెట్టాలి. ఆసుపత్రిలో ఇనుప చట్రం ఉంటే అందులో నిలబెట్టి గిట్టలు కోయించుకోవడం ఇంకా మంచిది.

కాపడం సరే.. వాత వద్దు

దెబ్బ కొత్తదైతే, కీలు వేడిగా వాచి ఉంటే మొదటి రెండు రోజులు చన్నీళ్లే. తడి గుడ్డ చుట్టండి, లేదా నీళ్ల పైపుతో పదిహేను నిమిషాలు తడపండి. పాత బిగువుకైతే వేడి కాపడం. ఉప్పు వేసిన వేడి నీళ్లలో గుడ్డ ముంచి పిండి, పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. మీ మణికట్టు మీద పెట్టుకుని ఓర్చుకోగలిగినంత వేడే ఉండాలి. తర్వాత ఆముదంతో మెల్లగా మర్దన చేయొచ్చు.

కానీ ఎర్రగా కాల్చిన ఇనుముతో వాతలు పెట్టడం మానేయండి. కాలిన నొప్పి ముందు కీలు నొప్పి మరుగున పడుతుందే తప్ప, అరిగిన కీలు బాగుపడదు. పైగా పుండు పడి, ఈగలు వాలి పురుగులు పడతాయి. ఒక జబ్బుతో ఉన్న ఎద్దుకు రెండో జబ్బు అంటగట్టినట్టే.

ఈ సూది వద్దు: డైక్లోఫెనాక్

నొప్పి మందుల దగ్గర చాలా జాగ్రత్త అవసరం. డైక్లోఫెనాక్‌ను పశువులకు వాడటం 2006 నుంచి నిషేధం. ఎందుకంటే ఆ సూది వేసిన పశువు చనిపోతే, కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని అవి చచ్చిపోయాయి. 1990ల తర్వాత మన దేశంలో తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా మాయమయ్యాయి. మనుషుల డైక్లోఫెనాక్ సీసాలు పశువులకు వాడుతున్నారని 2015లో 3 మిల్లీలీటర్లకు మించిన సీసాలనూ నిషేధించారు. 2023లో కీటోప్రోఫెన్, ఏసిక్లోఫెనాక్ కూడా పశువులకు నిషేధించారు. తర్వాత నిమెసులైడ్ కూడా ఆ జాబితాలో చేరింది.

మరి మందు లేదా అంటే, ఉంది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదని పరీక్షల్లో తేలింది. పశువుల డాక్టర్లు వాడుతున్నారు. మోతాదు మాత్రం బరువును బట్టి డాక్టరే చెప్పాలి. నీళ్లు సరిగా తాగని ఎద్దుకు ఏ నొప్పి మందు వేసినా మూత్రపిండాలకు ప్రమాదం.

ఇంకో ముఖ్యమైన మాట. సూది వేయించి అదే రోజు కాడి కట్టొద్దు. నొప్పి అనేది ఎద్దుకు ఉన్న ఒకే ఒక్క కాపలా. మందుతో దాన్ని నోరు మూయించి పని చేయిస్తే, తెలియకుండానే కీలు ఇంకా పాడైపోతుంది. జాతరల్లో బండలాగుడు పోటీలకు ముందు సూదులు వేయించడమూ ఇంతే. స్టెరాయిడ్ సూదులతో ఒకటి రెండు రోజులు పరిగెత్తినా, మళ్లీ మళ్లీ వాడితే ఒళ్లే పాడవుతుంది.

మేత: లావూ వద్దు, బక్కా వద్దు

బరువు పెరిగిన కొద్దీ కీళ్ల మీద భారం. అలాగని పక్కటెముకలన్నీ బయటపడితే కండ బలం ఉండదు. చివరి పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కొట్టొచ్చినట్టు కనిపించకూడదు. పళ్లు అరిగిన ఎద్దుకు జొన్న చొప్ప ముక్కలు కొట్టి పెట్టండి. వేరుశనగ కట్టె మంచి మేతే, కానీ బూజు పట్టినది పెట్టొద్దు. ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాముల వరకు, కాస్త ఉప్పు కలపండి. నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

పెళ్లి గుర్రాలు, జట్కా గుర్రాలకూ ఇదేనా?

చాలావరకు ఇదే. రోజూ నడక, మెత్తటి పడక, గిట్టల శుభ్రత ముసలి గుర్రానికీ ప్రాణం. పని లేని నెలల్లో కట్టేసి, పెళ్లిళ్ల సీజన్‌లో ఒక్కసారిగా తారు రోడ్డు మీద గంటల తరబడి నిలబెట్టడమే వాటి కీళ్లకు పెద్ద సమస్య. ముందుకాళ్లు ముందుకు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడితే గిట్టల లోపలి వాపు అయి ఉండొచ్చు, ఆలస్యం చేయకూడదు. ఒక జాగ్రత్త.. ఎద్దు మందు, ఎద్దు దాణా గుర్రానికి పెట్టొద్దు. పశువుల దాణాలో కలిపే మోనెన్సిన్ అనే మందు గుర్రానికి విషం.

డాక్టర్‌ను ఎప్పుడు పిలవాలి?

కాలు అసలు నేల మీద ఆనించకపోయినా, జ్వరం ఉన్నా, కీలు వేడిగా వాచినా, మేత మానేసినా, పడుకుని లేవలేకపోయినా ఆ రోజే పిలవండి. సంచార పశు వైద్య వాహనం కోసం 1962కు ఫోన్ చేయొచ్చు. మీ ఊరి పశుసంవర్ధక సహాయకుడిని అడిగినా దారి చూపిస్తారు. కడప జిల్లా ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల కూడా ఉంది. ఎప్పుడు మొదలైంది, ఏ కాలు, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఏ మందులు వాడారు.. ఈ నాలుగూ సిద్ధంగా పెట్టుకోండి. ముందే ఎవరైనా సూది వేసి ఉంటే దాచొద్దు.

ఇక కాడి దించే రోజు

ఇన్ని చేసినా ఒక రోజు వస్తుంది. రెండు వారాలు తేలిక పని ఇచ్చినా బిగువు తగ్గకపోతే, కాడి చూడగానే వెనక్కి తగ్గుతుంటే, లేవడానికి మనిషి సాయం కావాల్సి వస్తే.. ఇక పని చాలించాలి. పని చేయని ఎద్దును మేపడం కరువు నేలలో భారమే, కాదనలేం. కానీ పేడ, మూత్రం సేంద్రియ ఎరువుకు, జీవామృతానికి పనికొస్తాయి. చాలా ఇళ్లలో కొత్త కోడెకు పక్కన నడిపించి కాడి నడక నేర్పేది కూడా ఈ పాత ఎద్దే.

ఆ రోజును కొంత వెనక్కి నెట్టడం మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది. దానికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. రేపు పొద్దున కొట్టంలోకి వెళ్లినప్పుడు ఎద్దును అదిలించి లేపకండి. అది తనంతట తాను ఎలా లేస్తుందో ఒక్క నిమిషం నిలబడి చూడండి.